నా కర్రంటే దానికి భయమట!

మా రోజుల్లో కుక్కని చూస్తే మనిషి కర్ర తీసేవాడు. ఇప్పుడు కుక్క చూస్తుందని మనిషి కర్ర దాచుకోవాల్సి వస్తోంది. మాటవరసకి అనడం లేదు. డెబ్భై అయిదు దాటినవాణ్ణి, మోకాళ్ళు అరిగినవాణ్ణి, బెజవాడ గుణదలలో నా సొంత ఫ్లాట్‌లో పడగ్గదిలోంచి హాల్లోకి రావాలంటే ముందు చిన్నగా దగ్గాలి. కర్ర టకటకలాడించకూడదు. వచ్చాక కుక్క కళ్ళలోకి చూడకూడదు. దాని మీదకి తిన్నగా నడవకూడదు, పక్కనుంచి చుట్టు తిరిగి సోఫా చేరాలి. వంగి తల నిమరబోకూడదు. ఈ నియమాలన్నీ మా మనవరాలు కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. మా ఆవిడ కాపరానికొచ్చిన కొత్తల్లో మా అమ్మ ముందు కూడా ఇంత ఒద్దికగా నడిచి ఉండదు.

కుక్క పేరు బుడ్డి. బుడమేరు వరద తెచ్చిచ్చింది కాబట్టి ఆ పేరట. 2024 ఆగస్టు ఆఖరున పడ్డ ఆ కుండపోత ఈ ఊళ్ళో ఎవరూ మర్చిపోరు. సెప్టెంబరు 1కల్లా బుడమేరు గండ్లు పడి సింగ్ నగర్ మునిగింది. ఇటు కృష్ణమ్మ ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు దాటించి, బ్యారేజీ కట్టాక ఎన్నడూ చూడని లెక్క చూపించింది. జనం రోజుల తరబడి మేడల మీదే కూర్చున్నారు. అన్నం పొట్లాలు, మంచినీళ్ళు డ్రోన్లతో దించారు. మనుషుల గతే అట్లా ఉంటే కుక్కల సంగతి చెప్పేదేముంది? ఇది ఎవరింటి సన్‌షేడ్ మీదో ఇరుక్కుని, నీళ్ళు తీశాక బురదలో నడవలేక పడి ఉందట. మనవరాలూ దాని స్నేహితులూ బ్లీచింగ్ పౌడరు పంచడానికని వెళ్ళి, దీన్ని దుప్పట్లో చుట్టి ఆటోలో తెచ్చారు.

తెచ్చారు, బాగుంది. తిండి పెట్టారు, ఇంకా బాగుంది. మా రోజుల్లో అయితే కథ అక్కడితో కంచికి వెళ్ళేది. 1977 ఉప్పెనకి దివిసీమలో వేలమంది పోయారు. మిగిలినవాళ్ళని నీకు రాత్రి నిద్ర పడుతోందా నాయనా అని అడిగిన దిక్కు లేదు, ఇంక కుక్కనెవరు అడుగుతారు? ఇప్పుడు దీనికో జాబితా ఉంది. బాత్‌రూములో బకెట్ నిండే చప్పుడంటే భయం. వానంటే సరేసరి. పెళ్ళి ఊరేగింపు పైన ఎగిరే డ్రోన్ అంటే భయం. హెల్మెట్ తియ్యని మనిషంటే భయం. గొడుగంటే, నా కర్రంటే భయం. మరి భయపడే కుక్క మంచం కింద దూరి మూలగాలి కదా? ఇది అట్లా కాదు. గ్యాస్ బండవాడు గుమ్మంలో నిలబడితే గొలుసు తెంపుకునేంతగా మీదకి ఎగురుతుంది. పళ్ళన్నీ బయటపెట్టి, వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని, ఇంటిల్లిపాదినీ తినేసేలా మొరుగుతుంది. పై అంతస్తువాళ్ళు దీన్ని ‘మీ రాక్షసి’ అంటారు. తోక చూడండి నాయనా అంటే ఎవరూ చూడరు. తోక పొట్ట కిందికి అతుక్కుని ఉంటుంది. దూరంగా పొమ్మని అది అరిచే అరుపు అది.

నమ్మనివాళ్ళకి నేనో సంగతి చెబుతుంటాను. గుణదల కొండ మీద ఫాదర్ ఆర్లాటి మేరీమాత విగ్రహం పెట్టించిన ఏడాది, 1924. అదే ఏడాది సెప్టెంబరు 23న రష్యాలో లెనిన్‌గ్రాడ్‌ని వరద ముంచింది. గంట కొట్టి కుక్కలకి నోరూరించాడని మనం బడిలో చదువుకున్న పావ్లోవ్ గారి కుక్కలు అక్కడే బోనుల్లో ఉన్నాయి. నీళ్ళు బోను పైకప్పు దాకా వచ్చేశాయి. తలుపులేమో కిందివైపు. పనివాళ్ళు ఒక్కో కుక్కనీ నీళ్ళలో ముంచి బయటికి లాగి ఈదించుకొచ్చారు. అన్నీ బతికినట్టే లెక్క, కానీ కొన్ని మునుపటి కుక్కలు కావు. ఏళ్ళ తరబడి నేర్పినవి మర్చిపోయాయి, తిండి ముట్టలేదు. వాటిలో ఒకటి మెల్లగా కోలుకున్నాక, పరీక్ష కోసమని తలుపు సందులోంచి కాసిని నీళ్ళు గదిలోకి పారనిస్తే మళ్ళీ మొదటికొచ్చిందట. నోబెల్ బహుమతి తీసుకున్న పెద్దమనిషి కుక్కే అట్లా అయిపోతే, సింగ్ నగర్ కుక్క బకెట్ చప్పుడికి వణకడంలో వింతేముంది? నూరేళ్ళ తేడా, అదే సెప్టెంబరు.

ఇంతకీ నా సణుగుడు కుక్క భయం మీద కాదు. ఆ భయానికి ఇప్పుడు దిగే మందీ మార్బలం మీద. ట్రైనరట, బిహేవియరిస్టట, త్రెషోల్డట, డీసెన్సిటైజేషనట, కౌంటర్ కండిషనింగట. వీటన్నిటికీ ఫీజులు. అవన్నీ శ్రద్ధగా విన్నాక నాకు అర్థమైంది ఒక్కటే. వీళ్ళు అమ్మేది దూరం. దేన్ని చూస్తే కుక్క బెదురుతుందో దాన్ని, బెదరనంత దూరంలో చూపించాలి. చూసి ఊరుకుంటే ఓ మాంసం ముక్క పెట్టాలి. రేపు ఇంకో అడుగు దగ్గరికి. బెదిరిందా, మళ్ళీ వెనక్కి. అంతేనా? ఈ దూరం మా రోజుల్లో వీధి వీధంతా ఊరికే పడి ఉండేది.

అప్పటి గుణదల చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇటు ఏలూరు కాలువ, గట్టు మీద తుమ్మలు, పడవల రేవులో సరుకు దించే పడవలు, అటు రైలు పట్టాలు, మధ్యలో పెంకుటిళ్ళు. ప్రతి ఇంటికీ అరుగు. వీధికి ఇద్దరో ముగ్గురో కుక్కలు. ఇద్దరు ముగ్గురనే అన్నాను, దిద్దుకోను, వాటికి ఆ మర్యాద ఉండేది. ఎవరి సొంతమూ కావు, అందరింటి చద్దన్నమూ వాటిదే. వాటిలో ఒకటి ఎప్పుడూ పిరికిది ఉండేది. పిల్లప్పుడు ఎవరు ఏ రాయి విసిరారో, ఏ బండి చక్రం తగిలిందో. దానికెవరూ పేరు పెట్టని జబ్బు అది. ఆ కుక్క మనుషుల్ని చూస్తే కాలువ గట్టు దిగిపోయేది. మేళం వస్తే గడ్డివాములో దూరేది. రాత్రి వీధి సద్దుమణిగాక వచ్చి అరుగు కింద పెట్టిన మెతుకులు తిని పోయేది. ఎంత దూరంలో ఉండాలో, ఎప్పుడు దగ్గరికి రావాలో దాని చేతిలో ఉండేది. కరవాల్సిన అగత్యం దానికి వచ్చేది కాదు. కొన్నాళ్ళకి అన్నం పెట్టే ముసలమ్మ దగ్గర మాత్రం తోకాడించేది. ఇప్పుడు గంటకింతని తీసుకుని చెప్పే పాఠం ఆ ముసలమ్మ విస్తరాకు మడుస్తూ చేసేసేది.

ఇప్పుడు అదే కుక్కని తెచ్చి మూడో అంతస్తులో పెట్టారు. లిఫ్టు చూశారా? నలుగురు మనుషులు భుజాలు రాసుకునే డబ్బా. తలుపు తెరుచుకునేసరికి ఎదురుగా హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ కుర్రాడు. కుక్క ఎటు పోవాలి? వెనక గోడ, పక్కన గోడ, మెడలో బెల్టు. పారిపోయే దారి మూసేస్తే ఏ ప్రాణికైనా మిగిలేది మీద పడటమే. కొట్లాడే కుక్క అంటారుగానీ, కట్టేసిన కుక్క అనరు. గేటు దగ్గర గొలుసుకి కట్టి ‘కుక్క ఉంది జాగ్రత్త’ బోర్డు తగిలించే దొరల ఇళ్ళు మా రోజుల్లోనూ ఉండేవి. ఆ అల్సేషియన్లలో సగం అదురుగుండెవే అని అక్కడ పనిచేసే తోటమాలి చెప్పేవాడు.

నిలువెల్లా వీధి కుక్కే అయిన దీనితో వచ్చిన చిక్కు ఒకటైతే, కొనుక్కొచ్చిన జాతి కుక్కలతో వచ్చింది ఇంకోటి. కుక్కపిల్ల మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా ఏం చూస్తే అది లోకం అనుకుంటుంది. మనుషుల్నీ పిల్లల్నీ స్కూటర్లనీ ఆ వయసులో నిదానంగా చూసిందా, పెద్దయ్యాక పట్టించుకోదు. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదని 2017లో కేంద్రం నిబంధన కూడా పెట్టింది. ఎవరు వింటున్నారు? కళ్ళు తెరిచీ తెరవకముందే తల్లి దగ్గర్నుంచి లాక్కొచ్చి డబ్బాలో పెట్టి అమ్ముతారు. టీకాలు పూర్తయ్యేదాకా బాల్కనీలోనే ఉంచుతారు. ఆర్నెల్లకి బయటికి తీసుకెళ్ళి, ఇదేంటి అందరి మీదా అరుస్తోంది అని నోరు వెళ్ళబెడతారు.

సరే, మా ఇంటి వైద్యం సంగతి. ముందు డాక్టరుకి చూపించాలట. నేను నవ్వాను. గన్నవరం పశువైద్య కళాశాలకి తీసుకెళితే, చెవిలో చీము ఉంది, పిడుదుల జ్వరం కూడా ఉంది అన్నారు. నొప్పితో ఉన్న కుక్క ముట్టుకోనివ్వదు, అది మొండితనం కాదన్నారు. ఆ మాట మాత్రం మా నాన్న ఎద్దుల విషయంలో అనేవాడు, కొత్తేం కాదు. చెవి మానాక సగం గుర్రులు తగ్గాయి. మిగిలిన సగానికి పాఠాలు.

మొదట్లో ఓ ట్రైనరు వచ్చాడు. కండలు తిరిగినవాడు. మెడకి బిగుసుకునే గొలుసు వేసి, గుర్రుమన్నప్పుడల్లా ఒక్క లాగు. రెండు గుంజుళ్ళకి కుక్క నోరు మూసుకుంది. చూశారా అన్నాడు. అందరం చూశాం. మూడోసారి గుర్రుమనకుండానే వాడి మణికట్టు పట్టుకుంది. అదృష్టం కొద్దీ చొక్కా చెయ్యే చిరిగింది. గుర్రుమనడం కుక్క ఇచ్చే నోటీసు. ఆ నోటీసుకి దెబ్బ వేస్తే, రేపు నోటీసు ఇవ్వదు, కరుస్తుంది. ఈ ముక్క మా మనవరాలు చెప్పినప్పుడు నేను కాదనలేకపోయాను. మా వీధిలో గుర్రుమన్న ప్రతి కుక్కకీ దుడ్డుకర్రే సమాధానం. అందుకే ఊరికి నాలుగు ‘చాటుగా కరిచే కుక్కలు’ ఉండేవి. చాటుగా కరవడం వాటికెవరు నేర్పారో ఇప్పుడు తెలుస్తోంది.

తర్వాత వచ్చిన అమ్మాయి నా కర్ర తీసుకుని హాల్లో నేల మీద పడుకోబెట్టింది. అంతే. కర్ర చుట్టూ దూరంగా చికెన్ లివర్ ముక్కలు చల్లింది. కుక్క ఓ మూల నుంచి చూసింది, ఆవులించింది, మూతి నాక్కుంది. ఆవులింత నిద్రకి కాదట, కంగారుకట. కొన్నాళ్ళు ఆ కర్ర అట్లా హాల్లో శవంలా పడి ఉంటే నేను గోడ పట్టుకుని నడిచాను. తర్వాత కర్ర కుర్చీకి ఆనించి పెట్టాం. తర్వాత నేను కుర్చీలో, కర్ర నా ఒళ్ళో. ప్రతి మెట్టుకీ లివర్. మా వీధి చికెన్ కొట్టువాడు ఓ రోజు ఉండబట్టలేక, ‘తాతగారూ, ఇంట్లో ఎవరికైనా రక్తం తక్కువుందా?’ అని అడిగాడు. ఏం చెప్పను? నా కర్ర కోసం అని చెప్పనా?

ఒక రోజు బాగుంటుంది, మర్నాడు మళ్ళీ మొదటికి. దానికీ లెక్క ఉంది. పొద్దున కుక్కరు విజిల్, పది గంటలకి కొరియరు, మధ్యాహ్నం పై ఫ్లాట్‌లో డ్రిల్లింగు, సాయంత్రం చినుకులు. ఒక్కోటీ విడిగా అయితే ఓర్చుకుంటుంది. నాలుగూ ఒకదాని మీద ఒకటి పడ్డాయా, అయిదోది చిన్న చీపురు చప్పుడైనా తట్టుకోలేదు. అట్లాంటి రోజు దాన్ని బయటికి తీసుకెళ్ళకుండా, పాత దుప్పటి వేసి ఫ్యాన్ కింద వదిలెయ్యడమే పాఠం. కోడలు ‘మామయ్యగారూ, ఇవాళ దానికి సెలవు’ అంటుంది. నేను రైల్వేలో ముప్ఫై ఏళ్ళు చేశాను, తుఫాను రోజున కూడా ఎవరూ నాకా మాట అనలేదు.

మూతికి బుట్ట వేయడం మీద మాత్రం నాకు తగువు లేదు. బయటికి తీసుకెళితే వెయ్యాల్సిందే. కానీ కొందరు గుడ్డపట్టీ బిగించి కడతారే, అది పాపం. కుక్కకి మనలా ఒంటికి చెమట పట్టి చల్లబడదు, నోరు తెరిచి రొప్పితేనే దాని వేడి దిగేది. బెజవాడ మే నెలలో నోరు బిగిస్తే చచ్చిపోతుంది. బుట్టలాంటిది వేస్తే రొప్పగలదు, నీళ్ళు తాగగలదు. అది కూడా ఒక్కసారి తొడిగెయ్యకూడదు, బుట్టలో లివర్ పెట్టి, దానంతటది మూతి పెట్టేదాకా ఆగాలి. మళ్ళీ లివరే!

పసుపు రిబ్బను కథ కూడా చెప్పాలి. బెదురు కుక్క బెల్టుకి పసుపు రిబ్బను కడితే, దూరంగా ఉండండి అని గుర్తు, కొన్ని దేశాల్లో అలా చేస్తారట. మనవరాలు కట్టి కిందకి తీసుకెళ్ళింది. మన రాష్ట్రంలో పసుపు రిబ్బను కడితే ఏమనుకుంటారు? వాచ్‌మన్ ‘పార్టీలో చేరిందాండీ’ అని అడిగాడు. ఎదురింటాయన నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. రిబ్బను తీయించేశాను.

పాతకాలం గొప్పదని నేను అనడం లేదు. బాగా గుర్తున్నవాణ్ణి కాబట్టే అనను. మున్సిపాలిటీ బండి వచ్చి ఇనప పటకారుతో మెడ పట్టుకుని తీసుకుపోయిన కుక్క తిరిగి వచ్చేది కాదు. దీపావళికి తోకకి టపాకాయల సర కట్టే పోకిరీలుండేవారు. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. గొర్రె మెదడుతో చేసిన మందు అది. ఆ సూదులకి జడిసి కారం, సున్నం పెట్టుకుని ఊరుకునేవాళ్ళు, ఊరుకుని పోయినవాళ్ళు కూడా ఉన్నారు. ఇప్పుడు సబ్బుతో పావుగంట కడిగి, ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళితే భుజానికి నాలుగైదు డోసులతో సరి. చర్మం తెగి రక్తం వస్తే అదనంగా ఇమ్యునోగ్లోబులిన్ అడిగి వేయించుకోవాలి. ఇందులో నేను కొత్త కాలం పక్షమే.

2001లో కేంద్రం పాత చంపుడు మాన్పించి, ఆపరేషన్ చేసి, టీకా వేసి, ఎక్కడ పట్టుకున్నారో అక్కడే వదలాలని నిబంధనలు తెచ్చింది. 2023లో వాటిని తిరగరాసింది. అదే ఏడాది ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో కుక్కలు నాలుగేళ్ళ పసివాణ్ణి చంపేశాయి. ఆ వీడియో చూసినవాడెవడూ కుక్కల తరపున నోరెత్తలేడు. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకి పంపమంది, 22న ఆ ఆదేశం మార్చి, రేబీస్ ఉన్నవీ దూకుడు కుక్కలూ తప్ప మిగిలినవాటిని ఎక్కడివక్కడ వదలమంది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో పట్టినవాటిని మళ్ళీ అక్కడ వదలొద్దంది. బడి ఆవరణలో కుక్కలొద్దంటే నాకు సమ్మతమే. నా సందేహమల్లా ‘దూకుడు కుక్క’ అని ముద్ర వేసేది ఎవరూ అని. వల విసిరి పట్టుకున్నాక ఏ కుక్క శాంతంగా ఉంటుంది? మా బుడ్డిని ఆ క్షణంలో చూస్తే, మొదటి పేరు దానిదే రాస్తారు. వేటాడే కుక్క ఒకటి, వదిలెయ్యమని అరిచే కుక్క ఒకటి. తేడా తెలియాలంటే తోక చూడాలి, చెవులు చూడాలి, దారి ఇచ్చి చూడాలి. ఇన్ని చూసే తీరిక మున్సిపాలిటీకి ఎక్కడిది?

ఆ తేడా మన పెద్దలకి తెలియక కాదు. నన్నయ భారతం మొదట్లోనే ఉంది. జనమేజయుడు యాగం చేస్తుంటే ఆడుకుంటూ వచ్చిన కుక్కపిల్లని ఆయన తమ్ముళ్ళు కొట్టి తరిమారు. తల్లి సరమ వచ్చి, నా బిడ్డ ఏ తప్పూ చెయ్యలేదు, ఊరికే కొట్టారు, మీకు అనుకోని భయాలొస్తాయి అని చెప్పి పోయింది. ఊరికే కొడితే భయం పుడుతుందని, ఆ భయం కొట్టినవాడి ఇంటికే వస్తుందని నేను చదువుకున్నాను. జనమేజయుడు ఆ భయానికి శాంతి చేయించడానికి సోమశ్రవసుడనే పురోహితుణ్ణి వెతుక్కుంటూ తిరిగాడు. మనవరాలు ట్రైనరు ఫీజు కట్టేటప్పుడల్లా నాకాయన గుర్తొస్తాడు.

దీపావళికి కిటికీలకి పరుపులు అడ్డం పెట్టి, టీవీ పెద్దగా పెట్టి, డాక్టరు రాసిచ్చిన మాత్ర ముందే వేసి గట్టెక్కాం. భయపడుతున్నప్పుడు దగ్గరికి తీస్తే భయం ఇంకా అలవాటవుతుందని నేను వినేవాణ్ణి. అది వట్టి మాటట. వస్తే రానివ్వాలి, కూర్చోనివ్వాలి. అది వచ్చి నా పాదాల మీద కూర్చుంది, తిమ్మిరెక్కినా రెండు గంటలు కదలనివ్వలేదు. ఆ లక్ష్మీ బాంబులు కాల్చినవాళ్ళకి నా మోకాళ్ళ శాపనార్థాలు తగిలే ఉంటాయి.

ఇక ఫిబ్రవరి. తొమ్మిది, పది, పదకొండు తేదీల్లో మేరీమాత తిరునాళ్ళు. లక్షల మంది. మైకులు, రంగులరాట్నాలు, బూరలు, కొబ్బరికాయల దుకాణాలు, గుండ్లు చేయించుకునేవాళ్ళు, రోడ్డు పొడవునా బారికేడ్లు. నా చిన్నప్పుడు ఆ మూడు రోజులూ వీధి కుక్కలన్నీ కాలువ అవతలికి వెళ్ళిపోయి, పన్నెండో తారీకున విస్తళ్ళ వాసన పట్టుకుని తిరిగొచ్చేవి. ఎవరూ చెప్పేవారు కాదు. ఇప్పుడు మా కుక్కని అవతలికి పంపించాలంటే అంతా ప్లానింగే. ఉంగుటూరు దగ్గర మా తోడల్లుడి కొడుక్కి మామిడితోటలో ఇల్లుంది, అక్కడికి తీసుకెళ్ళాలని తీర్మానించారు. అక్కడ వాళ్ళకి ఇంకో కుక్క ఉంది, అది దీన్ని చూడకూడదు, ఇది దాన్ని చూసినా పర్వాలేదు కానీ దూరం నుంచి చూడాలి. ఆ దూరం ఆ పెరట్లో ఉందో లేదో, ముందుగా నేను బస్సెక్కి వెళ్ళి, ఈ మోకాళ్ళతో ఈ గోడ నుంచి ఆ గోడకి అడుగులు వేసి కొలిచి ఫోను చెయ్యాలట.